వజ్రకరూరులో అగ్నిపర్వతం ఎక్కడ కనిపిస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "జూన్‌లో హైదరాబాద్ నుంచి కారులో వజ్రకరూరు వెళ్దామనుకుంటున్నాం. మా నాన్నగారు, ఇద్దరు పిల్లలు కూడా వస్తారు. అక్కడ కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతం ఉందని, తొలకరి వానలకు వజ్రాలు బయటపడతాయని వీడియోల్లో చూశాం. క్రేటర్ దాకా వెళ్ళొచ్చా? పిల్లలతో వజ్రాలు వెతకొచ్చా? రెండు రోజులు సరిపోతాయా?"

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. క్రేటర్, అంటే అగ్నిపర్వతం నోటి గొయ్యి, లేదు. కొండ కూడా లేదు. వజ్రకరూరు ఊరి బయట నిలబడి చుట్టూ చూస్తే బుడ్డల (వేరుశనగ) చేలు, మధ్యలో కంది సాళ్ళు, దూరంగా తిరుగుతున్న గాలిమరలు, అంతే. వీడియోలు చూసి వచ్చినవాళ్ళు "ఏదండీ అగ్నిపర్వతం?" అని కొండల కోసం వెతుకుతారు. వాళ్ళు అప్పటికే దాని మీద నిలబడి ఉంటారు. అది చేనుకు సమంగా నేలలో కలిసిపోయింది.

మాది ఉరవకొండ వైపు. జియాలజీ చదువుకున్నాను, ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ఈ మెట్టనేలల్లోనే తిరిగాను. కాబట్టి వెళ్ళొద్దని అనను. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కానీ ఏం చూడాలో తెలిసి వెళ్ళాలి. లేకపోతే మూడొందల కిలోమీటర్లు వచ్చి ఎర్రమట్టి చూసి వెనక్కి పోయినట్టుంటుంది.

ఇక్కడ జరిగింది ఏమిటో కొంచెం చెప్తాను, పిల్లలకు దారిలో కారులో చెప్పడానికి పనికొస్తుంది. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట, భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి ఒక రకం శిలాద్రవం పైకి ఎగదన్నింది. దాంట్లో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి బాగా ఎక్కువ. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, గోలీ కొట్టిన సోడాలా ఆ గ్యాసంతా ఒక్కసారి విడిపోయి పేలింది. మామూలు అగ్నిపర్వతాల్లా ఏళ్ళ తరబడి లావా కార్చి కొండ కట్టుకునే రకం కాదిది. ఒక్క పేలుడుతో పైకి తన్ని, గొట్టంలాంటి దారి చేసుకుని, ఆ దారిలోనే గడ్డకట్టిపోయింది. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా ఉండే ఆ గొట్టాన్నే పైపు అంటారు, అందులో గట్టిపడిన రాయి కింబర్లైట్. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరు మీద పెట్టిన పేరు.

వజ్రాలు ఈ అగ్నిపర్వతంలో పుట్టలేదు. అవి అంతకు ముందే, ఎంతో ముందే, ఆ లోతుల్లో తయారై ఉన్నాయి. కింబర్లైట్ వాటిని పైకి మోసుకొచ్చింది, అంతే. అదీ చాలా వేగంగా. గంటల్లోనో మహా అయితే రోజుల్లోనో పైకి చేరి ఉంటుందని లెక్క. తాపీగా వచ్చి ఉంటే దారిలోనే వజ్రం కాస్తా గ్రాఫైట్‌గా, అంటే పెన్సిల్లో ఉండే నల్లపొడిగా మారిపోయేది. మీ పెద్దబ్బాయి కెమిస్ట్రీ చదివే వయసు అయితే ఈ ఒక్క ముక్క చాలు, మిగతా దారంతా ప్రశ్నలు వేస్తూనే ఉంటాడు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ నేల అరుగుతూనే ఉంది. పైన ఉన్న గొయ్యి, దాని చుట్టూ పడిన బూడిద, ఆ కింద గొట్టంలో కొంత భాగం, అన్నీ వానకూ గాలికీ కొట్టుకుపోయాయి. మిగిలింది గొట్టం అడుగు భాగం. దాని తల ఇప్పుడు చేను మట్టం దగ్గర ఉంది. అరిగిన రాతిలోని వజ్రాలు మాత్రం అరగలేదు. వాగుల్లో పడి, గులకరాళ్ళతో కలిసి దొర్లి, చాలా దూరం చెదిరిపోయాయి. పెన్న గులకల్లోకి కొన్ని వెళ్ళాయి. బనగానపల్లె దగ్గర పాతకాలంలో వజ్రాలు తవ్విన గులకరాతి పొరలోకి కూడా ఇలా కొట్టుకొచ్చినవే చేరాయని చాలామంది అనుకుంటారు. అది ఇంకా వాదనల్లోనే ఉంది, వదిలేద్దాం.

అందుకే మీ ప్రశ్నలో రెండు వేరు వేరు ప్రయాణాలు కలిసిపోయాయి. అగ్నిపర్వతపు గొట్టాలు ఉన్నది వజ్రకరూరు, లత్తవరం, వెంకటంపల్లి, ములిగిరిపల్లి చుట్టుపక్కల, అనంతపురం జిల్లాలో. వానలకు జనం గుంపులుగా వచ్చి వెతికేది ఎక్కువగా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు, అది కర్నూలు జిల్లా. వజ్రకరూరు చేలల్లోనూ వెతుకుతారు కానీ ఆ తిరునాళ్ళ సందడంతా అటువైపే. రెండింటికీ మధ్య రోడ్డు మీద గంటకు పైనే ప్రయాణం.

ముందు గొట్టాల సంగతి. ఈ చుట్టుపక్కల చాలానే దొరికాయి, వాటికి పేర్లతో పాటు నంబర్లు పెట్టారు. ఒకటో నంబరు పైపు వజ్రకరూరుదే. కొన్ని కొద్ది పదుల మీటర్లే ఉంటాయి, పెద్దవి వందల మీటర్ల అడ్డం. వజ్రకరూరులో జియలాజికల్ సర్వే వాళ్ళ ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది. అది ప్రభుత్వ ఆవరణ, అనుమతి లేకుండా లోపలికి వదలరు. కాలేజీ పిల్లల బృందాలు ముందుగా ఉత్తరం రాసుకుని వస్తుంటాయి. కుటుంబంతో వచ్చే మీరు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి చూడగలిగేది ఏమిటి? నేల మారడం. ఇదే ఈ ప్రయాణంలో అసలు సరుకు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఈ ప్రాంతం పునాది అంతా గ్రానైట్. అది చివికితే గరుసు వస్తుంది. చేతిలోకి తీసుకుంటే గరగరలాడే ఎర్రటి ఇసుక, అందులో గాజుముక్కల్లాంటి పలుగురాయి, గులాబి రంగు ఫెల్‌స్పార్ పలుకులు, అక్కడక్కడా మెరిసే కాకిబంగారం. గట్ల మీద గుండ్రటి బండలు ఉంటాయి. ఇలాంటి చేలో నడుస్తూ నడుస్తూ ఒకచోట గరుసు ఆగిపోతుంది. మట్టి రంగు పాలిపోయి, పసుపూ బూడిద కలిసినట్టు, ఒక్కోచోట కాస్త ఆకుపచ్చగా మారుతుంది. కాలికింద గరగర పోతుంది. తెల్లటి సున్నపు గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి. బండలు ఉండవు. వాన పడితే ఆ మట్టి చెప్పులకు జిగురుగా పట్టుకుంటుంది, పక్క చేని గరుసు అలా పట్టుకోదు. మీరు గ్రానైట్ దాటి గొట్టం మీదికి వచ్చారన్నమాట. ఈ మార్పు కొన్నిచోట్ల పది ఇరవై అడుగుల్లోనే జరిగిపోతుంది. కొన్నిచోట్ల దున్ని దున్ని కలిసిపోయి తెలియదు.

అక్కడ ఆగి, రైతు ఒప్పుకుంటే, పిల్లల చేత దోసెడు మట్టి తీయించండి. నీళ్ళ సీసాతో కడిగి, మట్టి బురద పోనిచ్చి, మిగిలిన పలుకులను తెల్ల కాగితం మీద ఆరబెట్టండి. పది రెట్ల భూతద్దం ఉంటే చాలు. నల్లగా, నిగనిగలాడుతూ గుండ్రంగా అరిగిన గింజలు ఇల్మనైట్. నేరేడు రంగులో, ఎండకు అడ్డంపెడితే ఊదా ఎరుపుగా కనిపించేవి పైరోప్ గార్నెట్. అదృష్టం బాగుంటే గడ్డిరంగు ఆకుపచ్చ పలుకు ఒకటీ రెండూ, అది క్రోమ్ డయాప్సైడ్. వజ్రం దొరకదు. కానీ ఆ ఊదారంగు గార్నెట్ కూడా వజ్రంతో పాటు ఆ లోతుల నుంచి వచ్చిందే. జియాలజిస్టులు కొత్త పైపులు వెతికేది కూడా వజ్రాలను పట్టుకుని కాదు, ఈ గింజలను పట్టుకునే. వాగు ఇసుకలో ఇవి దొరికితే ఎగువకు నడుచుకుంటూ పోతారు, ఎక్కడ ఎక్కువవుతాయో ఎక్కడ మాయమవుతాయో చూసుకుంటూ. వాగు పైకి పోయేకొద్దీ గింజ అంచులు తక్కువ అరిగి ఉంటే గొట్టం దగ్గర పడినట్టు. పిల్లలకు వజ్రాల వేట కన్నా ఇది నిజంగా మంచి ఆట. ఫలితం కనిపించే ఆట కూడా.

చేలోకి దిగే ముందు రైతును అడగడం మాత్రం మరిచిపోవద్దు. "అన్నా, మట్టి చూసి పోతాం, తవ్వం" అని ఒక్క మాట అంటే చాలామంది కాదనరు, పైగా వాళ్ళే ఎక్కడ సున్నపు గడ్డలు ఎక్కువో చూపిస్తారు. విత్తనం పడిన చేలో మాత్రం అడగను కూడా అడగొద్దు. కొందరు రైతులు చేని దగ్గర రావద్దని బోర్డులు పెడుతున్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడని చోట, పడిన ఒక్క పదునుకు విత్తుకున్న చేను మీద వందమంది నడిస్తే ఏం మొలుస్తుంది?

రెండోది, చాలామంది కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోనిది: డైకులు. గుత్తి నుంచి అనంతపురం వైపు పోతుంటే ఎర్రటి నేల మీద నల్లరాళ్ళ గుట్టలు వరసగా, గీత గీసినట్టు మైళ్ళ కొద్దీ సాగిపోవడం కనిపిస్తుంది. ఎవరో పేర్చిన గోడ కూలినట్టుంటుంది. గ్రానైట్‌లో పడిన పగుళ్ళలోకి శిలాద్రవం ఎక్కి గట్టిపడితే వచ్చిన డోలరైట్ అది. కింబర్లైట్ల కంటే చాలా పాతవి. చుట్టూ గ్రానైట్ అరిగిపోయి ఇవి మిగలడంతో గట్టులా పైకి తేలాయి. వంటింటి గట్టు మీద వేసుకునే బ్లాక్ గ్రానైట్ అని అమ్మేదాంట్లో చాలావరకు ఈ డోలరైట్ జాతి రాయే. అసలు గ్రానైటే కాదు. అగ్నిపర్వతం అంటే ఏదో ఒకటి నిటారుగా కనబడాలని మీ పిల్లలు పట్టుబడితే వీటిని చూపించండి, కారు ఆపి ఎక్కి దిగవచ్చు. పాములు, తేళ్ళు రాళ్ళ సందుల్లో ఉంటాయి, చేతులు పెట్టనివ్వద్దు.

మూడోది జొన్నగిరి వైపు. అక్కడి నల్లపచ్చ రాళ్ళు ఇంకా పాత లావాలు, 250 కోట్ల ఏళ్ళకు పైబడినవి. వేడికీ ఒత్తిడికీ నలిగి రూపం మారిపోయాయి. బంగారం ఉండేది ఈ పట్టీలోనే. జొన్నగిరి దగ్గర ఇప్పుడు బంగారు గని వచ్చింది కూడా. గని గేటు దాకా వెళ్ళి పనేమీ లేదు, ఊరికే చెప్తున్నాను. ఇంత దగ్గర దగ్గర ఊళ్ళలో బంగారం ఒక కాలపు అగ్నిపర్వతాలది, వజ్రం ఇంకో కాలపు అగ్నిపర్వతాలది, మధ్యలో నూరు కోట్ల ఏళ్ళకు పైగా తేడా. మన జిల్లాను కరువు జిల్లా అని తీసిపారేసేవాళ్ళకు ఈ సంగతి వినిపించాలనిపిస్తుంది.

ఇక మీరు అసలు అడిగింది, వజ్రాల వేట.

తొలకరి పడగానే పైమట్టి కడుక్కుపోయి గులకలు తేలుతాయి. మే చివర నుంచి ఆగస్టు దాకా జొన్నగిరి, తుగ్గలి చుట్టూ చేలల్లో జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. గుడి ఆవరణల్లో, చెట్ల కింద పడుకుని, సద్ది కట్టుకుని వారాల తరబడి వెతికేవాళ్ళున్నారు. పేపర్లో ఫలానా కూలీకి వజ్రం దొరికింది, ఇన్ని లక్షల నగదు, ఇన్ని తులాల బంగారం ఇచ్చి వ్యాపారి కొన్నాడు అని ప్రతి ఏడూ వస్తుంది. అబద్ధమేమీ కాదు, నిజంగానే దొరుకుతాయి. కానీ దొరికినవాడి వార్తే పేపర్లో వస్తుంది. పనులు మానుకుని, చేతి డబ్బులు తిని, ఉత్త చేతులతో బస్సెక్కినవాళ్ళ వార్త ఎవరూ రాయరు. ఒక పూట సరదాకు వెతకడం వేరు, దాని మీద ఆశతో రావడం వేరు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఖనిజం తవ్వాలంటే గనుల చట్టం కింద అనుమతి ఉండాలి. చేను మీద ఏరుకునేవాళ్ళను ఎవరూ పెద్దగా అడ్డుకోవడం లేదు కానీ, పార పట్టుకుని గుంత తీస్తే అది వేరే కథ. అలాగే దొరికిన రాయి చాటుమాటుగా చేతులు మారే బేరమే ఇక్కడ ఎక్కువ. ఊళ్ళో ఏజెంట్లు ఉంటారు, రాయి చూసి అక్కడికక్కడే ధర చెప్తారు. కొత్తవాళ్ళకు వజ్రమని పలుగురాయి అంటగట్టేవాళ్ళూ ఉంటారు. "ఇప్పుడే చేలో దొరికింది, అర్జెంటుగా డబ్బులు కావాలి, సగానికి ఇస్తా" అనే మాట ఎవరి నోట విన్నా నమస్కారం పెట్టి కారెక్కండి.

పిల్లలు ఎలాగూ ఏదో ఒక మెరిసే రాయి తెచ్చి చూపిస్తారు. నూటికి తొంభై తొమ్మిది పలుగురాయే. తేడా చూడడం ఇలా. పలుగురాయి స్ఫటికం ఆరు పలకల కడ్డీలా పెరుగుతుంది, విరిగినచోట గాజులా గుల్లగా విరుగుతుంది. చేలో దొరికే వజ్రం సినిమాల్లోలా ధగధగలాడదు. కొంచెం నూనె రాసినట్టు జిడ్డు మెరుపు ఉంటుంది. ఎనిమిది పలకలుగానో, అంచులు గుండ్రంగా అరిగిపోయిన గింజలాగానో ఉంటుంది. భూతద్దంలో దాని పలకల మీద చిన్న చిన్న త్రికోణపు గుర్తులు కనిపించవచ్చు. వజ్రాన్ని నీళ్ళు తడపవు, జిడ్డు మాత్రం పట్టుకుంటుంది. ప్లాంట్లలో గ్రీజు పూసిన బల్ల మీదుగా నలిపిన రాయిని నీళ్ళతో పారించి వజ్రాలు పట్టేది ఈ గుణం మీదే. అదే సైజు పలుగురాయి కంటే బరువు కూడా, సాంద్రత మూడున్నర, పలుగురాయిది 2.65.

ఒక్కటి మాత్రం చేయనివ్వద్దు: సుత్తితో కొట్టి చూడడం. వజ్రం గీతపడదు, కానీ పగలదని కాదు. సరైన దిశలో దెబ్బ తగిలితే చీలిపోతుంది. "నిజమైన వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదు" అనే మాట ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. ఆ పరీక్షకు ఎన్ని మంచి రాళ్ళు ముక్కలయ్యాయో ఎవరు లెక్క పెట్టారు?

జూన్‌లో ఇంకో ప్రమాదం పిడుగులు. చెట్టూ పుట్టా లేని బయలు, మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు పట్టిందంటే చేలో ఉండకూడదు, చెట్టు కిందికీ పోకూడదు. కార్లో కూర్చోవడం మేలు. దీనికి తోడు నాన్నగారు ఉన్నారన్నారు. జూన్ మొదట్లో వానలు వెనకబడితే ఎండ మామూలుగా ఉండదు.

అందుకని నన్నడిగితే జూన్ వద్దంటాను. డిసెంబరు, జనవరి మంచిది. బుడ్డలు పీకేసి ఉంటారు, చేలు ఖాళీగా ఉంటాయి, నేల రంగు బాగా కనిపిస్తుంది, రైతులకూ తీరిక. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి. వజ్రాల కోలాహలం చూడడమే మీ పని అయితే జూన్ రెండో వారం తర్వాత ఎప్పుడైనా, ఒక గట్టి వాన పడిన మర్నాడు పొద్దున రండి, పదిన్నరకల్లా చేల నుంచి బయటపడండి.

రెండు రోజులు చాలు, ఇలా అయితే: హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరితే కర్నూలు, డోన్ దాటి మధ్యాహ్నానికి ముందే గుత్తి చేరతారు. గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు పట్టుకుంటే పదిహేను కిలోమీటర్ల లోపే ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు. దీనికోసం కనీసం గంటన్నర ఉంచుకోండి. అగ్నిపర్వతాలతో దీనికి సంబంధం ఉందా అంటే, శాసనాలు ఉన్న బండలకు లేదు, అవి గ్రానైటు. కానీ 1929లో వీటిని గుర్తించింది ఒక జియాలజిస్టు. రాళ్ళు చూడడానికి వచ్చినవాడికి రాత కనిపించింది. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు రెండూ ఒకేచోట ఉండడం అరుదు. మౌర్యుల కాలంలో ఇంత దూరం ఎందుకు చెక్కించారంటే ఈ నేలలోని బంగారం, వజ్రాలే కారణమని చరిత్రకారులు చాలామంది అంటారు. చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. అక్షరాలు మిట్టమధ్యాహ్నం సరిగ్గా కనిపించవు. ఎండ ఏటవాలుగా పడే వేళ, అంటే ఉదయం ఎనిమిది లోపు గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ, లోతులేని ఆ గీతల్లో నీడ నిలిచి చదవడానికి వీలుగా ఉంటాయి. ఫొటో బాగా రావాలని సుద్ద రుద్దేవాళ్ళున్నారు, ఆ పని చేయొద్దు. రక్షిత కట్టడం కాబట్టి రాళ్ళు ఏరుకోవడం కూడా కుదరదు.

మొదటి రోజు మధ్యాహ్నం గుత్తికోట చూసి, గుంతకల్లులో బస చేయండి. గుత్తికోట పెద్ద కొండ, నాన్నగారు కింద వాకిలి దగ్గర కూర్చుంటే మీరు పిల్లలతో ఎక్కి రావచ్చు. మరాఠా సర్దారు మురారిరావు కోట అది. కొండ దిగాక ఊళ్ళో పాత సమాధుల చోటు ఉంది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట అక్కడే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు. పెద్దాయనకు చరిత్ర ఇష్టమైతే ఆ కథ చెప్పండి. సాయంత్రం నాలుగు దాటాక ఎర్రగుడికి వెళ్ళి వస్తే వెలుతురు కూడా కలిసొస్తుంది.

రెండో రోజు తెల్లారే గుంతకల్లులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని వజ్రకరూరు వెళ్ళండి. ఉగ్గాని ఎనిమిది దాటితే మంచి హోటళ్ళలో అయిపోతుంది. వజ్రకరూరు గంట లోపే. ఊళ్ళో టీ తాగుతూ, "పైపు చేలు ఎటువైపు?" అని అడిగితే ఎవరో ఒకరు చెప్తారు, చాలాసార్లు వాళ్ళే వచ్చి చూపిస్తారు. అక్కడ రెండు గంటలు. ఉరవకొండ మీదుగా పెన్నఅహోబిలం వెళితే లక్ష్మీనరసింహస్వామి దర్శనం అవుతుంది, పెన్న ఒడ్డున బండల మీద కూర్చుని సద్ది తినవచ్చు. వాన నీళ్ళుంటే ఏటిలో దిగొద్దు. నది ఒడ్డు గులకల్లో పిల్లలు ఆడుకుంటూ ఉంటే మీరు చెప్పిన కథకు ముగింపు ఎక్కడ ఉందో వాళ్ళకే తెలుస్తుంది, ఎందుకంటే పైపుల నుంచి అరిగిన గులకలు చేరేది ఈ ఏటిలోకే. అక్కడి నుంచి అనంతపురం చేరి నలభై నాలుగో నంబరు హైవే ఎక్కితే రాత్రికి హైదరాబాద్. అలసట అనిపిస్తే అనంతపురంలో ఉండిపోండి, హోటళ్ళకు కొదవ లేదు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. లావా పరుపులు పరిచినట్టు ఉండే నేల చూడాలంటే వజ్రకరూరు దాకా రానక్కర్లేదు. వికారాబాద్ దాటి పడమటికి పోతే దక్కను బసాల్టు, అంటే లావా గట్టిపడిన నల్లరాయి, అంచు అక్కడే మొదలవుతుంది. 6.6 కోట్ల ఏళ్ళనాటిది, అంటే వజ్రకరూరుతో పోలిస్తే నిన్నమొన్నటిది. ఇలాంటి లావాయే రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు వైపులా, కాతేరు, పంగిడి నల్లరాయి క్వారీల్లో మళ్ళీ బయటపడుతుంది. పశ్చిమ కనుమల వైపు నుంచి అంత దూరం పారి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు. క్వారీల్లోకి మాత్రం పిల్లలతో వెళ్ళొద్దు, బ్లాస్టింగ్ జరుగుతుంటుంది.

తీసుకెళ్ళాల్సినవి: భూతద్దం, అయస్కాంతం (నల్ల గింజల్లో ఏవి దానికి అంటుకుంటాయో చూడడానికి పిల్లలకు బాగుంటుంది), జల్లెడ, తెల్ల కాగితాలు, తాగే నీళ్ళు గాక కడగడానికి విడిగా ఒక క్యాను, నిండుగా మూసుకునే బూట్లు, నాన్నగారికి గొడుగు, మడత కుర్చీ. చేల దగ్గర నీడ ఉండదు. సుత్తి ఇంట్లోనే ఉంచండి.

మీరు వచ్చే నెల ఖరారయ్యాక ఇక్కడే రాయండి. అప్పటికి ఏ చేలు ఖాళీగా ఉన్నాయో, ఎటువైపు విత్తులు పడ్డాయో మా ఊరి వాళ్ళను కనుక్కుని చెప్తాను.